తప్పు చేసిన పిల్లవాడి వెంట ఎవరు నడవాలి?



పెద్దముడియం మండలంలో ఒక కౌలురైతు బోరు దగ్గర రాత్రికి రాత్రి మోటారు కేబుల్ కోసుకుపోయారనుకుందాం. పది రోజులు నీళ్లు పారలేదు, పంట వాడిపోయింది. వారానికి 16 ఏళ్ల పిల్లోడు దొరికాడు. కేబుల్ కాల్చి, రాగి తీసి, పాత సామాన్ల అంగడిలో అమ్ముకున్నాడు. వానికి ముట్టింది కొన్ని వందలు, రైతుకు పోయింది వేలు. ఇప్పుడు ఏం చేస్తే న్యాయం?

ఊర్లో మొదట వినపడే జవాబు "నాలుగు తగిలిస్తే బుద్ధొస్తుంది." రెండోది "తీసుకుపోయి లోపలేయండి." రెండింటిలో ఏది చేసినా రైతుకు కేబుల్ రాదు, పంట రాదు. పిల్లోడికి మాత్రం 'దొంగ' అనే పేరు వస్తుంది. ఆ పేరు వాని కంటే ముందే బడికి పోతుంది, పనిలోకి పోతుంది, పెళ్లి సంబంధానికి కూడా పోతుంది.

మూడో దారి ఒకటుంది. దాన్ని పునరుద్ధరణ న్యాయం అంటున్నారు. చెడిందాన్ని మళ్లీ కూర్చే న్యాయం అన్నమాట. నష్టపోయిన మనిషి, నష్టం చేసిన పిల్లోడు, ఇద్దరి ఇంటివాళ్లు, నడిపించడం తెలిసిన ఒక మనిషి కలిసి కూర్చుంటారు. రైతు తనకు జరిగింది చెప్తాడు. పిల్లోడు తల దించుకుని వినాలి, తర్వాత తల ఎత్తి జవాబు చెప్పాలి. పోయినదానికి ఏం చేయగలడో, ఎన్నాళ్లలో చేస్తాడో అక్కడే తేలుతుంది. వాడు ఆ పని పూర్తి చేసేదాకా ఒకరు కనిపెట్టుకుని ఉంటారు.

ఇదే పని ఇంకో ఇంటి పిల్లోడు చేసి ఉంటే ఏం జరిగేదో మనకు తెలుసు. వాళ్ల నాయన స్టేషన్ దగ్గరికి వస్తాడు. కొత్త కేబుల్‌కు డబ్బులు కడతాడు. ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడతారు. పిల్లోడు "తప్పయింది" అంటాడు. కేసు ఉండదు. వారం తిరక్కముందే వాణ్ని ఏ హైదరాబాద్ కాలేజీలోనో చేర్పిస్తారు. దీనికి ఎవరూ పేరు పెట్టలేదు గానీ పైకి చూస్తే ఇదీ పునరుద్ధరణే. నష్టం కట్టారు, మాట్లాడుకున్నారు, చదువు ఆగలేదు. డబ్బున్న ఇంటి బిడ్డకు ఈ సౌకర్యం ఎప్పటినుంచో ఉంది. దానికి నిధులు వాళ్ల నాయనే పెడుతున్నాడు.

మరి మాలవాడలో, మాదిగవాడలో, ఎరుకల గుడిసెలో పుట్టిన బిడ్డకు ఆ నిధి ఎవరు పెట్టాలి? మనం తేల్చుకోవాల్సిన ధర్మసందేహం ఇదే.

చట్టం ఏం చెప్తున్నదో ముందు చూద్దాం. మన కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే, 1920లో, మద్రాసు బాలల చట్టం వచ్చింది. పిల్లల్ని పెద్ద నేరస్థులతో కలపకూడదన్న ఆలోచనకు మన దగ్గర వందేళ్లు దాటాయి. ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టం. దాని ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ప్రతి జిల్లాకు బాలల న్యాయమండలి ఉండాలి. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ కావాలి. పిల్లోడు ఎట్లాంటి ఇంట్లో పెరిగాడు, ఎందుకిట్లా చేశాడు అని ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో నివేదిక ఇవ్వాలి. 18వ సెక్షన్‌లో మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజసేవ, ప్రొబేషన్ వంటివి ఉన్నాయి. చివరిది ప్రత్యేక గృహం, అది కూడా మూడేళ్లకు మించకూడదు.

బాగానే ఉంది. కానీ ఆ జాబితాలో బాధితుణ్ని, పిల్లోణ్ని కలిపి కూర్చోబెట్టే పద్ధతి పేరు పెట్టి లేదు. డబ్బు సంగతికొస్తే మాట ఇంకా మెత్తబడుతుంది. మండలిని 'ఏర్పాటు చేయాలి' అన్న చట్టం, 105వ సెక్షన్‌లో బాలల న్యాయ నిధి దగ్గరికి వచ్చేసరికి 'ఏర్పాటు చేయవచ్చు' అంటుంది. మిషన్ వాత్సల్య పథకం కింద కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో ఖర్చు పెట్టుకునే ఏర్పాటు ఉంది. కానీ పెద్దముడియం నుంచి ఒక తల్లి కూలి పోగొట్టుకుని, బస్సులు మారి, కడపకు వాయిదాకు వచ్చిపోతుంటే ఆమె పక్కన నడిచే మనిషి ఎవరు? ఆ మనిషికి జీతం ఏ పద్దులో ఉంది? మనం అడగాల్సింది అదే.

ఇక ధమ్మం వైపు వద్దాం. డబ్బుకూ నేరానికీ ఉన్న సంబంధం గురించి తథాగతుడు చాలా సూటిగా మాట్లాడాడు. చక్కవత్తి సీహనాద సుత్తలో ఒక రాజు అన్నీ సరిగానే చేశాడు గానీ పేదలకు ధనం ఇవ్వలేదు. పేదరికం పెరిగింది, దొంగతనం పుట్టింది. మొదటి దొంగను పట్టి తెస్తే రాజు జాలిపడి డబ్బిచ్చి పంపాడు. అది విని మరికొందరు దొంగతనానికి దిగారు. అప్పుడు రాజు తలలు నరికించాడు. జనం కూడా కత్తులు పట్టారు. హింస ఊరంతా పాకింది.

మనవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఈ కథలోనే ఉంది. "మన హాస్టల్ పిల్లలకు సరైన అన్నం లేదు, స్కాలర్‌షిప్పులు ఆలస్యం. బుద్ధిగా చదువుకునే బిడ్డను వదిలి దొంగ మీద ప్రభుత్వం ఖర్చు పెట్టాలా?" ఈ కోపంలో న్యాయం ఉంది. సుత్త కూడా దాన్ని కాదనలేదు. దొంగతనం చేస్తేనే డబ్బు దొరికేటట్టు చేసిన రాజు తప్పు చేశాడనే చెప్పింది. అయితే దానికి మందు నరకడం కాదని కూడా చెప్పింది. కూటదంత సుత్తలో పురోహితుడు మహావిజిత రాజుకు ఆ మందు చెప్తాడు. చంపడంతో, చెరలో వేయడంతో దోపిడీలు ఆగవు. సేద్యం చేసేవానికి విత్తనాలివ్వు, వ్యాపారికి పెట్టుబడివ్వు, కొలువు చేసేవానికి కూలివ్వు అంటాడు. కాబట్టి హాస్టల్ పద్దులో నుంచి కోసి ఈ పనికి పెట్టమని ఎవరైనా అంటే మనం ఒప్పుకోకూడదు. హాస్టల్ మొదటి కట్ట. తెగిన చోట వేసేది రెండో కట్ట. కుందూకు వరద వచ్చినప్పుడు ఒక కట్ట చాలు అని ఎవరూ అనరు.

అంగులిమాలుడి కథ మనందరికీ తెలుసు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో పతితుల, నేరస్థుల దీక్షల్లో దాన్ని చేర్చాడు. అందులో మనం గమనించని ఒక చిన్న సంగతి ఉంది. సైన్యంతో పట్టుకోవడానికి బయల్దేరిన పసేనది రాజు, మారిన అంగులిమాలుణ్ని చూసి, చీవరాలు, భోజనం, వసతి, మందులు తాను సమకూరుస్తానన్నాడు. ఖజానా ఉన్నవాడు అన్న మాట అది. శిక్షించడానికి తెచ్చిన బలాన్ని నిలబెట్టడానికి ఇస్తానన్నాడు. కానీ తర్వాత భిక్షకు పోయిన అంగులిమాలుడి మీద రాళ్లు పడ్డాయి, తల పగిలింది. అతడు మారాడు, రాజు మెత్తబడ్డాడు. చనిపోయినవాళ్ల ఇళ్ల వైపు ఎవరు చూశారో సుత్త చెప్పదు. రాళ్లు ఆ ఇళ్ల నుంచే వచ్చి ఉండవచ్చు. నేరం చేసినవానికి మాత్రమే ఖర్చు పెట్టి, నష్టపోయినవాణ్ని మరిచే పథకం ఏదైనా ఇట్లాగే రాళ్లు తింటుంది. అందుకే మొదటి రూపాయి కౌలురైతు కేబుల్‌కు పోవాలి. పిల్లోడు తన పని ద్వారా దాన్ని తీర్చుకోవాలి.

వెంట నడిచే మనిషి గురించి వినయపిటకంలో, చుల్లవగ్గలో, ఒక సంఘటన ఉంది. మచ్చికాసండంలో చిత్త గృహపతి ఇతర థేరులను భోజనానికి పిలిచేముందు తనను అడగలేదని సుధమ్మ అనే భిక్షువుకు ఉక్రోషం వచ్చింది. నువ్వుల వంటకం పేరెత్తి ఆ గృహపతిని ఎగతాళి చేశాడు. బుద్ధుడు సుధమ్మను వెనకేసుకు రాలేదు. పోయి ఆ గృహస్థుణ్ని క్షమాపణ అడగమన్నాడు. దీన్ని పటిసారణీయ కమ్మ అంటారు. సుధమ్మ పోయాడు గానీ సిగ్గుతో నోరు రాక తిరిగొచ్చాడు. అప్పుడు బుద్ధుడు చేసిన ఏర్పాటు చూడండి. అతనికి తోడుగా ఒక అనుదూతను సంఘం నియమించాలి. గృహపతి క్షమించకపోతే అనుదూత తన తరఫున అడగాలి, తర్వాత సంఘం తరఫున అడగాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆ గృహపతి కళ్లెదుటే భిక్షువు తన తప్పు ఒప్పుకోవాలి. క్షమించి తీరాలని గృహపతి మీద ఒత్తిడి లేదు.

తప్పు చేసినవాడు ఒంటరిగా పోతే సిగ్గు వాణ్ని వెనక్కి లాగుతుంది. పెద్ద వయసు భిక్షువుకే నోరు రాకపోతే 16 ఏళ్ల పిల్లోడికి ఎట్లా వస్తుంది? అందుకే తోడు కావాలి. ఆ తోడును సుధమ్మ స్నేహితులు ఎంచుకోలేదు, చిత్తుడి బంధువులు ఎంచుకోలేదు. సంఘం నియమించింది. ఈ రోజు ప్రభుత్వం జీతమిచ్చి పెట్టాల్సిన మనిషి ఈ అనుదూతే.

ఎందుకు ప్రభుత్వమే? ఎవరు ఖర్చు పెడితే రాజీ వాళ్లదవుతుంది కాబట్టి. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పెరిగినవాళ్లకు 'రాజీ' అనే మాట విప్పి చెప్పనక్కర లేదు. ఫ్యాక్షన్ ఊర్లలో నాయకులు కూర్చుని మాట్లాడుకున్నారు, సాక్షులు మాట మార్చారు, చచ్చినవాని భార్యను ఎవరూ అడగలేదు. మన వాడల్లో అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడే రాజీ కబురు వస్తుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. అంతకాలం పోరాడి నిలబెట్టుకున్న కోర్టు మెట్లను 'కలిసి కూర్చుందాం' అనే తీపిమాటకు వదులుకుంటామా? వదులుకోం.

కాబట్టి షరతులు గట్టిగా ఉండాలి. పిల్లోడు తప్పు తనంతట ఒప్పుకోవాలి, కొట్టి ఒప్పించకూడదు. బాధితులు ఇష్టపడితేనే కూర్చోవాలి, వద్దంటే వాళ్లకు రావాల్సిన పరిహారంలో రూపాయి తగ్గకూడదు. నడిపే మనిషి ఊరి పెద్ద కాకూడదు. అట్రాసిటీ, ఆడపిల్లల మీద అఘాయిత్యం కేసుల్లో ఇది విచారణకు బదులు కాకూడదు.

ఇక్కడ మనసుకు కష్టమైన మాట ఒకటి చెప్పాలి. రేపు పెద్దకులం 17 ఏళ్ల పిల్లోడు మన బిడ్డ మీద దాడి చేస్తే వాణ్ని పెద్దవాళ్ల జైల్లో పెట్టాలనిపిస్తుంది. కేసు నడవాలి, విచారణ జరగాలి, మండలి తీర్పు రావాలి. కానీ వాడు కూడా పిల్లోడే. మన బిడ్డకు అడిగిన కొలతను వానికి నిరాకరిస్తే అది పగ అవుతుంది గానీ ధమ్మం కాదు.

ప్రభుత్వ డబ్బు వస్తే చాలు అని కూడా అనుకోవద్దు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే మనుషుల్ని దొంగలన్నది. 1913లో స్టువర్టుపురంలో ఎరుకలకు సెటిల్‌మెంట్ పెట్టి, సంస్కరణ పేరుతో కాపలా కాశారు. ఆ చట్టం 1952లో పోయినా స్టువర్టుపురం పేరు మీద పడిన మచ్చ పోలేదు. న్యూజిలాండ్‌లో మావోరీ ప్రజలు తమ పిల్లల్ని సంస్థల్లో పడేస్తున్నారని పోరాడాక, 1989 చట్టంతో కుటుంబ సమావేశాలు వచ్చాయి. వాటిని నడిపేవాళ్లకు ప్రభుత్వమే జీతమిస్తుంది. అయినా అక్కడ కేసుల్లో మావోరీ పిల్లల వాటా జనాభాను మించే ఉంది. డబ్బుతోపాటు మన కాపలా కూడా ఉండాలి.

అందుకు చేతిలో ఉన్న పనులు ఇవి. మీ స్టేషన్‌లో పిల్లల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో పేరు అడగండి, చట్టం ప్రకారం ఒకరుండాలి. పిల్లల కోసం ఏడేళ్లు పనిచేసినవాళ్లు న్యాయమండలి సభ్యత్వానికి అర్హులు, మన టీచరమ్మలు, కార్యకర్తలు దరఖాస్తు పెట్టాలి. పిల్లోడి బాధ్యత తీసుకునే 'తగిన వ్యక్తి'గా మన ఉపాసకులు మండలి గుర్తింపు పొందవచ్చు. బాలల న్యాయ నిధిలో ఎంతుంది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు కింద అడగండి. 'చేయవచ్చు' అన్న మాటను 'చేయాలి'గా మార్చమని ఎమ్మెల్యేలకు అర్జీ ఇవ్వండి.

మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మంతో పని లేదని, ఇద్దరు కలిసి బతకాల్సిన చోట అది తప్పదని బాబాసాహెబ్ మనకు నేర్పాడు. కౌలురైతు, ఆ పిల్లోడు రేపు కూడా ఒకే ఊర్లో ఒకే దారిన నడవాలి. వాళ్లిద్దరి మధ్య నడిచే మనిషికి జీతం అడగడం దానం అడగడం కాదు, అది మన హక్కు.

నమో బుద్ధాయ! జై భీమ్!