జీర్ణోద్ధారమైన విమానము అదియేనా?

మామిడిపూత గుత్తులు గుత్తులుగా విచ్చి, తేనెమంచు పురుగు ఆ పూతకు చేరు దినములలో, చాట్రాయి మొదలుకొని నూజివీడు వఱకు గల తోటలన్నియు తెల్లవారుజాముననే ఒక్కతీరున మ్రోగుచుండును. రైతు వీపున తగిలించుకొను తైవాన్ స్ప్రేయరునందలి టూ స్ట్రోక్ ఇంజను ధ్వని యది. పూతకాలము గడచిన పిదప ఏడాదిలో అధికభాగము పాకలో మూలపడియుండు ఈ ఇంజను జాతికి చెందినదే వేఱొక ఇంజను, అమెరికాలోను ఐరోపాలోను సామాన్యగృహస్థులు తమ యింటి కొట్టములలో స్వహస్తములతో నిర్మించుకొనిన చిన్న విమానములను ఆకాశమునకు లేపుచున్నది. అట్టి విమానమొకటి జీర్ణించినప్పుడు, దాని వస్త్రమును ఒలిచి, తుప్పుపట్టిన గొట్టములను మార్చి, పాత ఇంజనును దింపి క్రొత్తదానిని బిగించినవాడు, పని ముగిసిననాడు తన యెదుట నిలిచియున్నది ఏది యని ప్రశ్నించుకొనక తప్పదు. వెనుకటి విమానమేనా? లేక దాని పేరు ధరించిన వేఱొకటియా? ఈ ప్రశ్నను నేను వినోదార్థము ఎత్తుట లేదు. దేహము, ప్రాణము, కర్మఫలము అను మూడింటినిగూర్చి మన పెద్దలు చేసిన విచారములో చాలభాగము దీనియందే యిమిడియున్నదని నా విశ్వాసము.

ముందుగా వస్తువును చూతము. గృహనిర్మిత విమానములు కట్టువారికై 1953లో పాల్ పోబెరెజ్నీ అమెరికాలోని మిల్వాకీ నగరమున ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. పనిలో సగమునకు మించి, విద్యకొఱకో వినోదముకొఱకో, ఔత్సాహికులే చేసియుండవలెనని ఆ దేశపు నియమము. 1984లో వెలువడిన కిట్‌ఫాక్స్ ఈ తరగతిలో పేరెన్నిక గన్నది: ఉక్కుగొట్టములను అతికి చేసిన దేహము, అల్యూమినియపు దూలములపై చెక్కతో కూర్చిన రెక్కలు, అన్నిటిని కప్పుచు పాలియెస్టరు వస్త్రము, ముందుభాగమున ఆస్ట్రియా దేశమునందలి రోటాక్స్ వారి టూ స్ట్రోక్ ఇంజను. రోటాక్స్ 582 అను నమూనా రెండు సిలిండర్లతో, సుమారు 580 సీసీ పరిమాణముతో, 60 హార్స్ పవరుకు మించిన శక్తినిచ్చును. నిమిషమునకు 6500 చుట్ల వఱకు తిరుగు ఆ ఇంజను వేగమును గేరుబాక్సు తగ్గించి ప్రొపెల్లరునకు అందించును.

జీర్ణోద్ధారమునకు పూనుకొనినవాని మొదటి పని వస్త్రమును ఒలుచుట. పైనుండి చూచినప్పుడు రంగు నిగనిగలాడుచునే యుండును. తోక దగ్గఱి క్రిందిగొట్టములలో మాత్రము ఏండ్ల తరబడి నీరు నిలిచి, లోహము లోలోపల తుప్పుపట్టి, మొనగల పనిముట్టుతో ఒత్తినంతనే లొంగిపోవును. ఎలుకలు గూడుకట్టిన చోట వాని మూత్రము అల్యూమినియమును తినివేసియుండును. ఒక గొట్టమున ఎప్పటిదో అతుకు కనబడును. దానిని వేసినవాడెవడు, ఏ ప్రమాదమునకు పిదప వేసెను అని విమానపు లెక్కపుస్తకము తిరుగవేయవలసియుండును. కావున ఈ పనిలో చేతులు ముట్టుకొనునది లోహమునే యైనను, బుద్ధి ముట్టుకొనునది పూర్వులు చేసిన పనులను.

అదియా, వేఱొకటియా యను ఈ విషయమున మన నైయాయికులు మిక్కిలి ధైర్యవంతులు. అవయవములు వేఱు, వానియందు సమవాయసంబంధముచే నిలిచిన అవయవి వేఱు అని వారి సిద్ధాంతము. వస్త్రమునుండి ఒక దారమును తీసినను పూర్వవస్త్రము నశించి, మిగిలిన దారములనుండి ఖండపటము పుట్టుననియు, ఇది ఆ వస్త్రమే యను ప్రత్యభిజ్ఞ సాజాత్యమువలన మాత్రమే కలుగుచున్నదనియు వారు చెప్పుదురు. ఈ మతము ననుసరించినచో, రెక్కకు మాసిక వేసిననాడే పాత విమానము గతించినది. ఇంజను మార్చు వఱకు ఆగనక్కఱలేదు. తర్కమున ఇందు లోపమేమియు నాకు కానరాదు. కాని ఈ విమానము వెనుక ఎక్కడ నేలకు కొట్టుకొన్నదో ఎఱుగనక్కఱలేదన్న అనుమతి ఈ వాదమునుండి ఎవడైనను తీసికొనగలడు. ఆ యెఱుక లేనివాడు వేసిన మాసికను నమ్మి రేపు ఒక మనుష్యుడు ఆకాశమునకు పోవుచున్నాడు.

బౌద్ధులు వేఱొక త్రోవ త్రొక్కిరి. చాట్రాయికి తూర్పుగా, కామవరపుకోట చేరువనున్న గుంటుపల్లి కొండలలో క్రీస్తుకు పూర్వమే భిక్షువులకై గుహలు తొలిచిరి. అందొక వర్తులాకారపు చైత్యగృహము కలదు. దాని కప్పు లోపలివైపున శిల్పులు కొయ్యవాసములను రాతిలోనే తీర్చిరి. కొయ్య లేదు, కొయ్యకట్టడపు ఆకృతి రాతికి సంక్రమించి యుగములు నిలిచినది. వస్తువు మాఱినను క్రమము కొనసాగుననుటకు అంతకంటె మౌనమైన సాక్ష్యము మా పరిసరములలో నేనెఱుగను. ఆ మతమువారి మిలిందపన్హమను గ్రంథమున యవనరాజైన మిలిందుడు నాగసేనభిక్షువును ప్రశ్నించుటయు, చక్రము రథము కాదు, ఇరుసు రథము కాదు, వీనినన్నిటిని ఆశ్రయించి రథమను వ్యవహారము కలుగుచున్నదని భిక్షువు తేల్చుటయు పండితులెఱిగినదే. రథదృష్టాంతము లోకమున మిక్కిలి ప్రచారము పొందినది. అదే గ్రంథమున గల మామిడిపండ్ల దృష్టాంతమునకు రావలసినంత పేరు రాలేదు.

ఒకడు పరుని తోటలో మామిడిపండ్లు దొంగిలించెను. రాజునెదుట నిలువబెట్టగా వాడు, ఈతడు నాటినవి టెంకలు, నేను కోసినవి పండ్లు. అవి వేఱు, ఇవి వేఱు. కావున ఈతని సొత్తు నేను ముట్టలేదు అని వాదించెను. వాడు దండనార్హుడేనా యని నాగసేనుడు అడిగెను. అర్హుడే యని మిలిందుడే ఒప్పుకొనెను. ఏలయన, పండ్లు ఆ టెంకలను ఆశ్రయించియే పుట్టినవి. అట్లే ఈ జన్మమున కర్మ చేసిన నామరూపములు వేఱు, మఱుజన్మమున పుట్టిన నామరూపములు వేఱు అయినను, వీనినుండి అవి పుట్టినవి కావున కర్మఫలమునుండి విముక్తి లేదని భిక్షువు నిర్ణయించెను. మామిడితోటల నడుమ పుట్టిపెరిగిన నాకు ఈ సంవాదము చదివినప్పుడెల్ల ఒక్క విషయము స్ఫురించును: దొంగ చెప్పిన తత్త్వము తప్పు కాదు. టెంక పండు కాదనుట నిజమే. వాడు ఆ నిజమును దేనికొఱకు వాడుకొనెనో అందున్నది దోషము.

ఇక ప్రాణము మాట. మానవుడు జీర్ణవస్త్రమును విడిచి నూతనవస్త్రము ధరించునట్లు దేహి జీర్ణదేహమును విడుచునని గీతాచార్యుని ఉపదేశము. విమానమున ఈ క్రమము తలక్రిందైనది: దేహము పాతది, ప్రాణస్థానమున నిలుచు ఇంజను క్రొత్తది. దేహమును కట్టుకొని ప్రాణముకొఱకు వేచియున్నవారి కథయు ఈ విద్య చరిత్రమున కలదు. జిమ్ బీడ్ రూపొందించిన బీడీ-5 అను చిన్న విమానము 1971లో మొదట ఎగిరెను. వేలకొలది జనులు దాని భాగములను కొని ఇండ్లలో కూర్చుకొనిరి. ఇంజనును సమకూర్చవలసిన జర్మనీదేశపు హిర్త్ కంపెనీ 1974లో దివాలా తీసెను. చూచుటకు సర్వాంగసుందరములైన ఆ దేహములలో అనేకములు కొట్టములలోనే ఉండిపోయినవి. ఇంద్రియములన్నియు తమలో ఎవరు శ్రేష్ఠులని వివాదపడగా, ప్రాణము లేచిపోబోవునంతలో తక్కినవన్నియు తమ స్థానములనుండి పెకలింపబడుటను ఛాందోగ్యము వర్ణించినది. బీడీ-5 కొన్నవారు దానిని గ్రంథము తెఱవకయే ఎఱిగిరి.

అట్లని ప్రాణమే సర్వస్వమనుటయు సరికాదు. నాటు టెంకమొక్కపై బంగినపల్లి కొమ్మను అంటుకట్టి పెంచిన చెట్టును మనము బంగినపల్లి యనియే పిలుతుము. కాని ఎండకు ఓర్చుట, నేలను పట్టుకొనుట ఆ నాటువేరు చలవయే, వేరునకు చీడ సోకినచో పైకొమ్మ యెంత మేలైనదైనను తప్పించుకొనలేదు. విమానమునందును అంతే. ఇంజను మాఱినచో బరువు మాఱును, గరిమనాభి ముందునకో వెనుకకో జరుగును, కంపము మాఱి పాత అతుకులను పరీక్షించును. క్రొత్త ప్రాణము పాతదేహపు దోషములను మాన్పదు, బయటపెట్టును.

టూ స్ట్రోక్ ఇంజను స్వభావమే ఇట్టి విచారమునకు తగినది. సామాన్యముగా దీనికి వేఱుగా నూనెతొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన నూనెయే, 50 పాళ్లకు ఒక పాలు చొప్పున, లోపలికి పోయి బేరింగులను పిస్టనును తడిపి, అచటనే కాలిపోవును. గాలి పాలు హెచ్చి పెట్రోలు తగ్గినచో వేడి మితిమీఱి, పిస్టను ఉబ్బి, సిలిండరు గోడను పట్టుకొనును. పట్టేసిందని మెకానిక్కులు అందురు. దానిని విప్పి చూచినప్పుడు పిస్టను ప్రక్కన నిలువుగా గీతలు, ఎగ్జాస్టు వైపున మఱింత లోతుగా, కనబడును. మరల కూర్చునప్పుడు, పిస్టను నెత్తిన గల బాణపుగుర్తు ఎగ్జాస్టు వైపునకే తిరిగియుండవలెను. రింగు కొనలు రెండును గాడిలోని సన్నని పిన్నుకు ఇరుప్రక్కల కూర్చుండవలెను, లేనిచో కొన పోర్టులో చిక్కి విఱుగును. పిస్టనును కడ్డీతో కలుపు పెద్ద పిన్ను జాఱకుండ ఆపు సర్‌క్లిప్పును ఒకసారి తీసినదానిని తిరిగి వాడరాదు. ఆ చిన్న తీగముక్క ఖరీదు అత్యల్పము. అది ఊడినచో సిలిండరు పోవును, విమానమున నైనచో అంతకు మించియు పోవును.

ఈ ఇంజనులను చేసిన రోటాక్స్ వారే తమ పుస్తకములో, ఇది అకస్మాత్తుగా ఆగిపోవచ్చునని నిర్మొగమాటముగా హెచ్చరించిరి. ఎప్పుడును దిగుటకు అనువైన నేల అందుబాటులో నుండునట్లు ఎగురుమని దాని తాత్పర్యము. ప్రాణము నిలుకడలేనిదని మనకు చిన్ననాటినుండి చెప్పుచునే యున్నారు. వినినవాడు దుఃఖించి ఊరకుండును. ఇచట వినినవాడు తన మార్గమును మార్చుకొనవలెను. వైరాగ్యమునకు ఇంతకంటె నిజమైన అభ్యాసము నాకు తోచదు.

ఇంజను మార్చిన విమానము అదియా, అన్యమా యను విషయమున అమెరికావారి నియమము మన శాస్త్రకారులు మెచ్చదగినది. ఇంజను రకమును మార్చుటవంటి పెద్ద మార్పు చేసినచో, జనావాసములకు దూరముగా కనీసము 5 గంటలు మఱల పరీక్షగా ఎగిరి, ఫలితమును పుస్తకమున వ్రాయవలెను. దేహము తిరిగిన గంటల లెక్క మాత్రము చెఱగదు. క్రొత్త ఇంజను లెక్క సున్నతో మొదలై దానిప్రక్కన నడచును. మఱల పరీక్షింపవలసినంత అన్యము, పూర్వపు లెక్క మోయవలసినంత అనన్యము. అదియే యనియు అనక, అన్యమనియు అనక నాగసేనుడు చూపిన మధ్యమమార్గము ఒక లెక్కపుస్తకమున ఇట్లు స్థిరపడినది.

లోకమంతయు పూజ్యభావముతో చూచు విమానమును పరిశీలించినను ఇదే తేలును. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరిన విమానము, నాల్గవ ప్రయాణము పిదప గాలికి తలక్రిందై విఱిగి, మఱల ఎన్నడును ఎగురలేదు. 1913 వరదలో దాని పెట్టెలు బురదలో మునిగినవి. 1927లో ఆ సోదరులలో ఒకడైన ఆర్విల్ దానికి క్రొత్త వస్త్రము తొడిగించెను. 1985లో ఆ వస్త్రమును మఱల మార్చిరి. ఇంజనులోని క్రాంకు ఇరుసు, ఫ్లైవీలు ఒక ప్రదర్శనకై పోయి తిరిగిరాకపోగా, 1904 నాటి ఇంజనువి అమర్చిరి. అయినను వాషింగ్టనులో దానియెదుట నిలిచినవాడు మోసపోవుట లేదు. ఏలయన, మాఱినదేదో దాచక చెప్పుచున్నారు.

మన ఆగమములును దాచలేదు. ఆలయమును జీర్ణోద్ధారము చేయునప్పుడు కళాకర్షణము జరిపి, మూలమూర్తి కళను కలశమునకు, అచటినుండి బాలాలయమునకు చేర్చి, పని ముగిసిన పిదప సంప్రోక్షణముతో యథాస్థానమునకు తెత్తురు. యాదగిరిగుట్ట నృసింహస్వామికి బాలాలయమున ఏండ్ల తరబడి అర్చనలు జరిగి, 2022 మార్చి 28న ప్రధానాలయమున దర్శనము పునఃప్రారంభమైనది. రాయి దేవుడని గాని, రాతితో దేవునికి సంబంధము లేదని గాని ఈ విధి చెప్పుట లేదు. ఒకరినుండి ఒకరికి అప్పగింత ప్రత్యక్షముగా, సాక్షులయెదుట, తిథివారనక్షత్రములు చెప్పి జరుగవలెనని చెప్పుచున్నది. విజయదశమినాడు ఇంజనుకు పసుపుకుంకుమలు పెట్టుటను నేను మనసార గౌరవింతును. కాని బోల్టును సరిగా బిగింపక పెట్టిన కుంకుమ పూజ కాదని నా దృఢాభిప్రాయము.

కావున విమానము అదియేనా యని అడుగువానిని, నీవు దేనికొఱకు అడుగుచున్నావని ఎదురు ప్రశ్నింపవలసియున్నది. పూర్వకీర్తిని చెప్పుకొనుటకు అదే యనియు, పూర్వదోషమును తప్పించుకొనుటకు వేఱనియు పలుకువాడు మామిడిపండ్ల దొంగయే. అదే యని పలికి, వెనుకటివారి అతుకులకు, నిర్లక్ష్యములకు, మంచిపనికి సైతము తానే జవాబుదారియై నిలుచువానికి మాత్రమే దానిని అదే యనుటకు అధికారము కలదు.

చాట్రాయి, నూజివీడు ప్రాంతముల మెకానిక్కులకు నాదొక విన్నపము. స్ప్రేయరు ఇంజనును బోరు కొట్టించి క్రొత్త పిస్టను వేసి రైతుకు అప్పగించునాడు, ఏ భాగము మార్చితిరో, ఏది పాతది ఉంచితిరో, నూనె ఏ పాళ్లలో కలుపవలెనో ఒక అట్టముక్కపై తేదీతో వ్రాసి, సంతకము చేసి, యంత్రమునకు కట్టి పంపుడు. రైతులారా, ఆ యంత్రమును మఱొకరికి అమ్మునప్పుడు ఆ అట్టను తీసివేయక దానితోనే ఇండు.