కొసరు పిచ్చుక

ధ్యానభాగములు: సామెతలు 12:10, లూకా 12:6, లూకా 14:28



ఈ నెల నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకొని ఈ ధ్యానమును ప్రారంభించుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట, కోత పండుగకు ముందు, మన సంఘములోని ఒక విధవరాలు నా యింటికి వచ్చెను. ఆమె కుమారులు పనులకై పట్టణము వెళ్లిరి. ఇంట ఆమెకు తోడు ఒక్క ముసలి కుక్క మాత్రమే. దాని మెడమీద పుండుపడి పురుగులు పట్టెను. “అయ్యగారూ, పండక్కని ముంతలో ఆరొందలు దాచాను. అందులోంచి తీసి కుక్కని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే పాపమంటారా?” అని ఆమె అడిగెను. నేను ఆలోచింపకయే, “దేవుని సొమ్ము కుక్కకు పెడతావా అమ్మా?” అంటిని. ఆమె మారుమాట లేక వెళ్లిపోయెను. వారము తిరుగకముందే కుక్క చనిపోయెను. పండుగనాడు ఆమె ఆ 600 రూపాయలు తెచ్చి పళ్లెములో వేసెను. ఆ దినమున కానుకల ప్రార్థన చేయుటకు నాకు నోరు రాలేదు.

మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు పరిసయ్యులను గద్దించిన సంగతి మీరెరుగుదురు. తలిదండ్రులకు పెట్టవలసినదానిని దేవార్పితమని చెప్పి ఎగవేయుటను ఆయన ఒప్పుకొనలేదు. అక్కడ మాట తలిదండ్రులను గూర్చినది, కుక్కను గూర్చినది కాదు. అయినను దేవుని పేరు చెప్పి మన చేతిలోనున్న బాధ్యతను ప్రక్కకు నెట్టుట ఎక్కడనైనను ఒక్కటే తప్పు. ఆ తప్పును నేను ఆమెచేత చేయించితిని.

“గేదెకు మందు పోయించితే పాలిచ్చును, ఎద్దుకు సూది వేయించితే దుక్కి దున్నును, కుక్కకు, పిల్లికి ఖర్చు పెట్టిన మనకేమి వచ్చును?” అని కొందరు అడుగుదురు. నీతిమంతుడు తన పశువుయొక్క ప్రాణమును ఎరిగినవాడని సామెతల గ్రంథకర్త చెప్పుచున్నాడు. హెబ్రీ మూలములోని మాటకు ఎరుగుట అనియే అర్థము. పశువు వెల ఎరిగినవాడని ఆయన చెప్పలేదు. వెల ఎరుగుటకు నీతి అక్కరలేదు, సంతలోని బేరగాడు చాలును. ప్రాణమును ఎరుగుటకే నీతి కావలెను.

మరియొక సంగతి చూడుడి. మత్తయి 10వ అధ్యాయములో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. ఆ లెక్కన రెండు కాసులకు నాలుగే రావలెను. కాని లూకా 12వ అధ్యాయములో రెండు కాసులకు అయిదు పిచ్చుకలు. ఆ అయిదవది కొసరు! దానికి వెల లేదు. వాటిలో ఒక్కటియైనను దేవుడు మరచువాడు కాడని ప్రభువు చెప్పినప్పుడు, ఆ కొసరు పిచ్చుకకూడ ఆ లెక్కలోనున్నది. మన గుమ్మములోని కుక్క, పొయ్యి ప్రక్కనున్న పిల్లి అట్టి కొసరు ప్రాణులే.

అయితే పేదవాని కష్టము తెలియక నేనీ మాట చెప్పుటలేదు. పిల్లల కూడు ముందు, వారి చదువు ముందు. కుక్క వైద్యమునకై వడ్డీవ్యాపారి వాకిట నిలువమని వాక్యము మనకు చెప్పదు. మరి ఏమి చేయవలెను? గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడా అని ప్రభువు అడిగెను. కుక్కపిల్లను ఇంటికి తెచ్చు దినముననే మనమును అట్లు కూర్చుండవలెను. దానికి కూడు పెట్టగలమా? ఏటేట టీకా వేయించగలమా? జబ్బు చేసినప్పుడు ఆటో కిరాయి, మందుల వెల ఇవ్వగలమా? లేనియెడల తేకుండుటయే దయ. తెచ్చిన తరువాత మాత్రము ఆ ఖర్చు దానము కాదు, ఋణము. అది అడవిలో తన బ్రదుకు తాను బ్రదుకుటలేదు. మన చేతివైపు చూచి బ్రదుకుచున్నది.

చిన్న ఖర్చు ముందుగా పెట్టినయెడల పెద్ద ఖర్చు తప్పును. కుక్కపిల్లకు మూడవ నెలలో రేబీస్ టీకా వేయించి, డాక్టరుగారు చెప్పిన ప్రకారము మరల మరల వేయించుచుండవలెను. ఆ వ్యాధి లక్షణములు కనబడిన తరువాత కుక్కయైనను మనిషియైనను బ్రదుకుట బహు అరుదు. కావున ఈ టీకా కుక్క కొరకే కాదు, వీధిలో ఆడుకొను మన పిల్లల కొరకు కూడ. ఫ్రాన్సు దేశములో లూయీ పాశ్చర్ అను శాస్త్రజ్ఞుడు, కుక్క కరచిన 9 సంవత్సరముల బాలునికి ఈ టీకా మొదట వేయించినది 1885 జూలై 6న. ఆ దినమును జ్ఞాపకము చేసికొని జూలై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట వాడుక. ముందుగా విచారించి, నలుగురు కలిసి ఒక ఆటోలో తీసికొని వెళ్లుడి. కిరాయి నాలుగు భాగములగును.

పుండు కనబడిన దినముననే చూపించుడి. ఈగలు వ్రాలి గ్రుడ్లు పెట్టినయెడల ఒక దినములోపలనే అవి పురుగులు కావచ్చును. పుండుమీద కిరసనాయిలుగాని పొలమునకు చల్లు మందుగాని పోయకుడి. కుక్క దానిని నాకి విషము తినును. మనము వేసికొను జ్వరపు బిళ్లలు, ముఖ్యముగా పారాసిటమాల్, పిల్లికి ఎంతమాత్రమును వేయకుడి. ఒక్క బిళ్లకే అది చావవచ్చును. ఖర్చు తప్పించుకొనబోయి ప్రాణము తీయుట ఆదా కాదు.

ఇక బాగుకాని జబ్బైనయెడల, బాధ తగ్గుటకు ఏమి చేయగలమో డాక్టరుగారిని అడుగుడి. సంచిలో కట్టి చెరువు గట్టున విడిచి రాకుడి. అన్ని దినములు మన వాకిలి కాచినదానికి చివరి దినమున మన వాకిలి లేకపోవుట న్యాయమా?

తరువాత నేను ఆ విధవరాలి యింటికి వెళ్లి క్షమాపణ అడిగితిని. ఆమె నన్ను నిందింపలేదు. “నేను పొలం నించి వస్తుంటే నా అడుగుల చప్పుడుకే లేచి వచ్చేదయ్యా” అని మాత్రము చెప్పి, నాకు కూర్చుండుటకు పీట వేసెను. దావీదు రాజును గద్దించుటకు నాతాను చెప్పిన కథలో ఒక పేదవాని కొదమ గొఱ్ఱెపిల్ల యుండెను; అది అతని ముద్ద తిని అతని కౌగిట పండుకొనెను. ఆ కథ నేను ఎన్నిసార్లో ప్రసంగించియున్నాను. అటువంటి గొఱ్ఱెపిల్ల ఉన్న యిల్లు నా సంఘములోనే ఉన్నదని ఆ పీటమీద కూర్చుండువరకు నేనెరుగను.

ప్రియులారా, మీలో ఎవరైనను ఆమెవలె నాయొద్దకు వచ్చినయెడల, ఇప్పుడు నా జవాబు వేరు. ముందు ఆసుపత్రికి పదండి, నేనును వచ్చెదను. కానుకను గూర్చి తరువాత ప్రభువుతో కలిసి మాటలాడుకొందము.

ప్రార్థన: కొసరు పిచ్చుకను మరువని తండ్రీ, మా చేతివైపు చూచు ప్రాణుల బాధ మా కన్నులకు కనబడనిమ్ము. కొంచెములోనే నమ్మకముగా నడుచుకొను మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.