ఉగాది పచ్చడి ఎవరు చేయాలి?



పండుగ నాడు తినే పచ్చడిని ఇంట్లోనే చేసుకోవాలా, కొనుక్కుంటే సరిపోదా? పైకి ఇది వంటింటి ప్రశ్న. కానీ మనిషి చేసే పనికి విలువ ఎక్కడి నుండి వస్తుందన్న పెద్ద ప్రశ్న దీని వెనుక దాగి ఉంది. అందుకే ఈ వారం ఉగాది పచ్చడిని ముందు పెట్టుకుని కాసేపు ఆలోచిద్దాం.

ఉగాది పచ్చడిలో ఏముంటుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. కొత్త చింతపండు పులుపు, కొత్త బెల్లం తీపి, మామిడికాయ వగరు, వేపపువ్వు చేదు, ఉప్పు, కారం. మొత్తం ఆరు రుచులు. కొన్ని ఇళ్ళలో అరటిపండు, చెరకు, కొబ్బరి ముక్కలు కూడా వేస్తారు. కారానికి కొందరు మిరియాల పొడి వాడతారు. ఏడాది మొత్తంలో వేపపువ్వు, లేత మామిడికాయ, కొత్త చింతపండు ఒక్కసారిగా చేతికి వచ్చేది ఆ కొద్ది వారాల్లోనే. అంటే ఈ పచ్చడిని సగం కాలమే చేసి పెడుతుంది. మిగతా సగం మనిషి చేయాలి.

ఆ సగం చిన్న పనేమీ కాదు. చింతపండుకు గింజ తీసి, ఈనెలు లాగి, నానబెట్టి, పిసికి, వడగట్టాలి. వేపకొమ్మ కింద గుడ్డ పరిచి పూత దులపాలి. కాడలు, పుల్లలు ఏరి, అరచేతుల్లో నలిపి, చేటలో చెరగాలి. బెల్లం తరగాలి. మామిడికాయను సన్నగా కోయాలి. అన్నిటికన్నా చివరిది, కష్టమైనది, పాళ్ళు కుదర్చడం. ఏ చెట్టు కాయ ఎంత పులుపో, ఏ అచ్చు బెల్లం ఎంత తీపో ముందుగా చెప్పే కొలత లేదు. నాలుక మీద వేసుకుని చూసి సరిచేయాల్సిందే.

మా నకరికల్లు విచారణలో ఒక సోదరి ఈ విషయమే అడిగింది: "నాలుగింటికే లేచి వండిపెట్టి కాయల కోతకు పోతాను, ఫాదర్ గారూ. పొద్దుగూకి ఇంటికొస్తాను. టౌనులో ఉగాది పచ్చడి గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారట. తెచ్చి పెడితే పండుగ కాకుండా పోతుందా?"

పల్నాడు సంగతి తెలిసినవారు ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఉగాది వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఇక్కడ మిరపకాయల పని ముమ్మరంగా సాగుతుంది. ఒక్క కోతతో అయిపోయే పైరు కాదు అది. కోసిన కాయను కల్లంలో ఆరబోయాలి, తాలు ఏరాలి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపాలి. కోతలోనూ, ఏరుడులోనూ వంగి పనిచేసేది ఎక్కువగా ఆడవారే. అంత పని చేసి వచ్చిన మనిషిని పట్టుకుని, ఆచారం కాబట్టి ఇంట్లోనే చేసి తీరాలని చెప్పడం సులువు. తరచుగా ఆ మాట చెప్పేది అరుగు మీద కూర్చున్న మనిషే. అలాగని, రుచి ఒకటే అయినప్పుడు ఎవరు చేస్తే ఏమిటి, కొనుక్కో అనడం కూడా అంతే సులువు. ఈ రెండు జవాబుల్లోనూ ఏదో లోపం ఉంది. అదేమిటో చూద్దాం.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేవారికి తొలి ఏళ్ళలోనే ఒక తేడా నేర్పుతారు. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దానికి చెందిన అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం 6వ భాగంలో ఈ తేడాను వివరించాడు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు దాన్ని తీసుకుని ఇంకా స్పష్టం చేశాడు. మనిషి పనులు రెండు విధాలు. ఒకటి తయారీ. రెండోది ఆచరణ. లతీనులో వీటికి 'ఫాచెరె', 'ఆజెరె' అని వేరు వేరు మాటలున్నాయి. తయారీకి ఫలితం బయట ఉంటుంది. కుమ్మరి కుండ చేస్తాడు. కుండ నీరు కారకుండా, గట్టిగా ఉంటే చాలు, దాన్ని ఎవరు చేశారన్నది కుండకు పట్టదు. ఆచరణకు ఫలితం ఆ పనిలోనే ఉంటుంది, ఆ పని చేసే మనిషిలోనే ఉంటుంది. చావింటికి వెళ్ళి పరామర్శించడం ఆచరణ. మనకు తీరిక లేదని కూలి ఇచ్చి వేరే మనిషిని పంపితే, అతను మనకన్నా చక్కగా మాట్లాడినా సరే, పరామర్శించింది మనం కాదు.

ఈ కొలబద్దతో చూస్తే మన ప్రశ్నకు కొంత దారి దొరుకుతుంది. రోజూ వాడే ఇడ్లీ పిండి, మసాలా పొడి వంటివి తయారీకి చెందినవి. మంచిది, శుభ్రమైనది ఎక్కడ దొరికితే అక్కడ కొనుక్కోవచ్చు. ఒళ్ళు అలిసిన తల్లికి అంగట్లో దొరికే పిండి ఒక మేలు. అందులో తప్పు వెతకడం అన్యాయం. ఉగాది పచ్చడి సంగతి అంత సూటిగా లేదు. తినే పదార్థంగా అది తయారీయే. కానీ ఎవరూ ఉగాది పచ్చడితో కడుపు నింపుకోరు. రాబోయే ఏడాదిలో తీపీ వస్తుంది, చేదూ వస్తుంది, రెంటినీ ఒకే గిన్నెలోంచి కలిసి తీసుకుంటామని ఒక ఇంటివారు ఒకరితో ఒకరు చెప్పుకునే మాట అది. మాట ఇవ్వడం తయారీ కాదు, ఆచరణ. మాటను మన తరఫున అంగడివాడు ఇవ్వలేడు.

మరి ఆ సోదరిని ఇంట్లోనే చేయమనాలా? ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఆచరణను మరొకరి చేత చేయించుకోలేమన్నది నిజమైతే, ఆ నియమం అంగడి దగ్గర మాత్రమే ఎందుకు ఆగిపోవాలి? ఇంట్లో 5 గురు ఉన్నారనుకోండి. ఒక్క తల్లే పూత దులిపి, చింతపండు పిసికి, బెల్లం తరిగి, గిన్నె తెచ్చి ముందు పెట్టింది. మిగతా 4 గురు స్నానం చేసి వచ్చి చేయి చాపారు. ఆ 4 గురికీ అది ఇంటి పచ్చడి అవుతుందా? అంగట్లో డబ్బిచ్చి తెచ్చుకున్న పచ్చడికీ, తల్లి చేత చేయించుకున్న పచ్చడికీ వాళ్ళ వరకు తేడా ఏముంది? ఒక్కటే తేడా: అంగడివాడికి డబ్బు ముట్టింది. పచ్చడిలో చేదు అందరి నోటికీ వస్తుంది. పచ్చడి చేయడంలోని శ్రమ మాత్రం ఒక్కరికే మిగిలిపోతుంది.

కాబట్టి ఆ సోదరి అడిగిన ప్రశ్న అసలు ఆమె అడగాల్సింది కాదు. ఆమె భర్త అడగాలి, ఎదిగిన కొడుకు అడగాలి, బడికెళ్ళే పిల్లలు అడగాలి. 'కొనాలా, చేయాలా' అన్న ప్రశ్నకు ముందు 'ఎవరెవరం చేద్దాం' అన్న ప్రశ్న రావాలి.

ఇలాంటి పండుగ పచ్చడి మరో జాతి వారికీ ఉంది. యూదుల పాస్క భోజనంలో చేదు కూరలతో పాటు 'హరోసెత్' అనే పండ్ల ముద్ద ఉంటుంది. ఐరోపా యూదులు యాపిల్, అక్రోటు, దాల్చినచెక్క, తీపి ద్రాక్షారసం కలిపి చేస్తారు. ఇరాకు యూదులు ఖర్జూరపు పాకంలో పప్పులు కలుపుతారు. ఐగుప్తు దాస్యంలో తమ పితరులు పిసికిన ఇటుకల మట్టికి అది గుర్తు. చేదు కూరను ఆ తీపి ముద్దలో అద్దుకుని తింటారు. పక్క గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదులు పాస్క పండుగ జరుపుకుంటున్నారు. ఆ భోజనంలో ఒక కట్టుబాటు నాకు ఎంతో నచ్చుతుంది. ఈ రాత్రి మిగతా రాత్రులకన్నా ఎందుకు వేరు అని ఇంట్లో చిన్నవాడు అడగాలి. పెద్దవాడు జవాబు చెప్పాలి. వంటింటి శ్రమ అక్కడ కూడా ఎక్కువగా ఆడవారిదే అయి ఉండవచ్చు. కానీ చిన్నబిడ్డకు సైతం ఒక పని అప్పగించకుండా ఆ పండుగ సాగదు. పాలు పంచుకోవడమే పండుగ అని వాళ్ళు గుర్తించారు.

మన పచ్చడిలో 6 రుచులున్నాయి. 6 పనులూ ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం తాతగారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీయవచ్చు. తండ్రి పిల్లల్ని వెంటబెట్టుకుని వేపచెట్టు దగ్గరికి వెళ్ళవచ్చు. కొడుకు మామిడికాయ కోయవచ్చు, కూతురు బెల్లం తరగవచ్చు. కోత నుంచి వచ్చిన తల్లి కాళ్ళు చాపుకుని కూర్చుని, ఉప్పు చాలిందా లేదా రుచి చూసి చెబితే చాలు. పులుపు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. తయారీలో అది లోపమే. ఆచరణలో లోపం కాదు.

ఇంట్లో చేసే దిక్కులేని వారి మాటేమిటి? ఆసుపత్రిలో డ్యూటీ చేసే నర్సు, ఒంటరి ముసలమ్మ, దూరదేశంలో చదువుకునే కుర్రవాడు కొనుక్కుని తింటే వారిని ఎవరూ వేలెత్తి చూపనక్కరలేదు. వేలెత్తి చూపవలసింది వారి పొరుగువారిని. కర్నూలు ప్రాంతం నుండి మిరప కోతలకు వలస వచ్చే కుటుంబాలు చేల పక్కన గుడారాలు వేసుకుని ఉంటాయి. పండుగ పూట సొంత ఊరికి దూరమైన ఆ గుడారాల దగ్గరికి ఒక గిన్నె పచ్చడి పట్టుకుని వెళ్ళేవారు మనలో ఎందరు? మన కారపు రుచి వచ్చింది వారి చేతుల మీదుగానే కదా!

2026లో ఉగాది మార్చి 19వ తేదీన, పునీత జోజప్పగారి పండుగ నాడే పడింది. ఆ నీతిమంతుడు పలికిన మాట సువార్తల్లో ఒక్కటి కూడా లేదు. లేచాడు, వెళ్ళాడు, తల్లినీ బిడ్డనూ కాపాడాడు అని ఆయన చేసిన పనులే ఉన్నాయి. కుటుంబ పెద్దలైన పురుషులు ఆయన్ను తమ ఆదర్శంగా చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవారు వచ్చే ఉగాదికి ముందు రోజు సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, చేట ఎక్కడుందో వెతుక్కుంటే బాగుంటుంది.