పెరటి కాయకము - దాసోహ ధర్మము

12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య చేపట్టిన కాయకము. ఆ గింజలను ఆయన ధర్మపత్ని లక్కమ్మ వండి, జంగములకు వడ్డించి, మిగిలిన దానిని ప్రసాదముగా దంపతులిరువురును స్వీకరించుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము కంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ అది చూచి సంతసింపలేదు. అవసరమును మించి తెచ్చుట ఆశకు లోబడుటయే యని ఎంచి, అధికముగా వచ్చిన దానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ కథ వినని శరణ కుటుంబము అరుదు. అయితే మఠమున ఈ కథ విని ఇల్లు చేరిన గృహిణికి వంటింటి అటుక మీద వరుసగా నిలిచిన జాడీలు కనబడును. ఒకదానిలో ఆవకాయ, ఒకదానిలో గోంగూర, డబ్బాలలో గోరుచిక్కుడు ఒరుగులు, గుమ్మడి వడియములు, చల్ల మిరపకాయలు. లక్కమ్మ ఒకనాటి దాసోహమునకు మించిన బియ్యమును ఇంట నిలువనీయలేదు. నేటి గృహిణి ఏడాదికి చాలినంత దాచుచున్నది. మరి ఇది దురాశ కాదా? ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. పెరటిలోనికి దిగి చూచిననే గాని దీనికి సమాధానము దొరకదు.

పెరటి సేద్యము కాయకమనుటకు సందేహము లేదు. శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, నులియ చందయ్య త్రాళ్ళు పేనెను, ఒక్కలిగ ముద్దణ్ణ నేల దున్నెను. చేతికి మట్టి అంటినంత మాత్రమున ఎవని గౌరవమును తగ్గలేదు. అట్లే పాదులు త్రవ్వు ఇల్లాలి శ్రమయు, నీరు మోయు పిల్లవాని శ్రమయు కాయకమే. కాని కాయకమునకు మితము ప్రాణము. ఆ మితము విత్తు నాటక మునుపే ఆరంభము కావలెను.

మృగశిర కార్తె ప్రవేశించి తొలివాన పడగానే దొరికిన విత్తనమెల్ల చల్లుట కాయకము కాదు, తొందరపాటు. ఇంట ఎందరున్నారు, వారమునకు ఎందరు అతిథులు వత్తురు, నూతిలో వేసవికి నీరుండునా అని ముందుగా ఎంచవలెను. ఐదుగురున్న ఇంటికి సామాన్యముగా రెండు బీరపాదులు, ఒక సొరపాదు, పది వంగ మొక్కలు చాలును. తోటకూర 25 నుండి 30 దినములలో కోతకు వచ్చును గనుక మడి యంతయు ఒక్కనాడే చల్లక, పదునైదు దినముల కొకమారు కొంచెము కొంచెముగా చల్లవలెను. అట్లయిన ఒకనాడు కుప్పలుగా వచ్చి మరునాడు కరవగుట యుండదు. బెండ 45 దినములకు కాపునకు వచ్చును. ఆషాఢమున పెట్టిన చిక్కుడు పందిరి శీతకాలమున కాయలిచ్చును. ఈ లెక్క తెలిసి విత్తువానికి ఏ మాసమున ఏ కూర ఇంటికి వచ్చునో ముందే తెలియును.

బియ్యము కడిగిన నీరు పాదునకు, పొయ్యిలోని కట్టెబూడిద పేనుబంక పట్టిన ఆకునకు, ఊడ్చిన ఆకులలము ఎరువుగుంటకు చేరవలెను. పురుగు పట్టినపుడు 50 గ్రాముల వేపగింజల పప్పును నూరి, గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రి నానవేసి, వడపోసి చల్లిన చాలును. తొలికాపులో బలిష్ఠమైన బీరకాయ నొకదానిని కోయక తీగమీదనే ఎండనిచ్చి విత్తనమునకు ఉంచవలెను. సంకర విత్తనములు మాత్రము మరుసటి ఏట తల్లి గుణమును నిలుపుకొనవు గనుక అట్లు ఉంచుటకు నాటు విత్తనమే తగినది.

ఇంత మితముగా విత్తినను చెట్టునకు మితము తెలియదు. వర్షము అనుకూలించిన ఏట బీరతీగ ఒక్కవారములో ఇల్లు తినగల దానికి రెండింతలిచ్చును. మారయ్య కథకును పెరటి కథకును భేదమిచ్చటనే కలదు. మారయ్య అధికమును తానుగా ఏరి తెచ్చెను, గనుక తిరిగి విడువగలిగెను. చెట్టిచ్చిన కాయను తిరిగి తీగకు తగిలింప ఎవరికిని శక్యము కాదు. మరి లక్కమ్మ ఆజ్ఞను గృహస్థుడు ఎట్లు పాటింపవలెను?

మొదటి మార్గము, పచ్చిగా ఉన్నపుడే పంచుట. తొలి బుట్ట మఠమునకు, పొరుగింటికి, పెరడు లేని వానికి పోవలెను. ఇచ్చునది ముదిరినదో పుచ్చినదో కాక, తన లింగమునకు అర్పింపదగిన లేతకాయయే కావలెను. మంచిది తనకుంచుకొని మిగిలినది జంగమునకు పెట్టుట దాసోహము కాదు, ఇల్లు శుభ్రము చేసికొనుట మాత్రమే.

రెండవది, పంచగా మిగిలిన దానిని కుళ్ళనీయకుండుట. భక్తుడు తినునదెల్ల ఇష్టలింగమునకు అర్పితమై ప్రసాదమగును. ప్రసాదము కాగల దానిని పెంటకుప్ప పాలు చేయుట అపచారము. అందుచేతనే పెద్దలు ఒరుగులు పెట్టిరి. వంకాయ, కాకర, గోరుచిక్కుడులను సన్నగా తరిగి, ఉప్పు కలిపి, మాఘ ఫాల్గుణముల ఎండలో శుభ్రమైన గుడ్డమీద మూడు నాలుగు దినములు ఆరవేయవలెను. మంచు పడక మునుపే ప్రతి సాయంకాలము లోనికి తీయవలెను. ఉప్పును ఎండయు కాయలోని నీటిని లాగివేయును. నీరు లేనిచోట బూజు పెరుగదు. ముక్కను విరిచినపుడు పుటుక్కున విరిగిననే ఎండినట్లు. వంగినచో ఇంకను నీరున్నట్లే. వానకాలమున ఎండ కాసిన దినము చూచి మరల ఒకమారు ఎండ తగులనీయవలెను. ఊరగాయ జాడీలో ముక్కల మీద నూనె తేలవలెను, తడి గరిటె సోకరాదు. పండిన గుమ్మడికాయను తొడిమతో కోసి ఉట్టిలో ఉంచిన మాసములు నిలుచును. వైశాఖ జ్యేష్ఠములలో పెరడు ఎండి, అంగడిలో కూర ప్రియమైనపుడు, ఇంటికి వచ్చిన అతిథికి ఆ ఒరుగుల పులుసే విందగును.

ఈ విధముగా దాచుటకును దురాశకును గల భేదము జాడీలో లేదు, దాని మూతలో కలదు. ఆకలితో వచ్చినవానికై తెరచుకొను మూత దాసోహము. ఎవరు వచ్చినను తెరచుకొనని మూత దురాశ. దీనికి ఏడాదికొక పరీక్ష కలదు. క్రొత్త మామిడికాయ అంగడికి వచ్చిన దినమున గృహిణి అటుక మీది జాడీలను దించి చూచుకొనవలెను. అడుగంటిన జాడీ ఆ ఇల్లు సరిగా నడచినదనుటకు సాక్ష్యము. పోయినేటి ఊరగాయ సగము మిగిలియున్నచో రెండే కారణములు. ఎక్కువగా పెట్టుటయో, తక్కువగా పెట్టి పంపుటయో జరిగినది. మొదటిదైన ఈయేడు ఒక పాదు తగ్గించి నాటవలెను. రెండవదైన ఆనాడే పొరుగింటి తలుపు తట్టవలెను. తీగకు కాయను తిరిగి ఈయలేకున్నను, మరుసటి విత్తును తగ్గించుట గృహస్థుని చేతిలో నున్నది. మారయ్య బియ్యము విడిచిన చోటు ఆతనికి ఇదియే.

ఇంటి దాసోహమే పెరిగి మఠ దాసోహమగును. తుమకూరు సమీపమున సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు (1907-2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును నడపిరి. వేలకొలది విద్యార్థులు కులమత భేదము లేక అచ్చట ఒక్క పంక్తిలో భుజించిరి. అంతటి పంక్తియు ఎవరో ఒకరు నేల త్రవ్వి, నీరు పోసి, కోసి, తమ వంతు తీసి ఈయగా నిలిచినదే. రెండు పాదులున్న పెరడైనను ఆ పంక్తికి చేరగలదు.

అటుకమీది జాడీ ఎంత పెద్దదని శివుడు అడుగడు. ఎందరి విస్తరిలో అది ఖాళీ అయినదని మాత్రమే అడుగును. ఆ ప్రశ్నకు వెరవక బదులు చెప్పగల ఇంట లక్కమ్మ నేటికిని వడ్డించుచునే యున్నది.