పాదాల దగ్గర కూర్చునే పని

ఈస్టరుకు ముందు వచ్చే గురువారం సాయంత్రం కతోలిక గుడుల్లో పన్నెండుమందిని వరసగా కూర్చోబెట్టి ఫాదరు గారు వాళ్ల కాళ్లు కడుగుతారు. సిలువకు ముందటి రాత్రి యేసు నడుముకు తువ్వాలు చుట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన ఘట్టానికి అది గుర్తు. 2013లో పోప్ ఫ్రాన్సిస్ ఆ పని రోములోని బాలనేరస్థుల జైల్లో చేశారు. ఆ రోజు కాళ్లు చాపినవాళ్లలో ఇద్దరు అమ్మాయిలున్నారు, ముస్లింలూ ఉన్నారు. పెద్ద చర్చే నడిచింది. చివరికి 2016లో మగవాళ్ల కాళ్లే కడగాలన్న నియమాన్ని మార్చి స్త్రీలకూ చోటిచ్చారు.

మన గుళ్లలో ఆ సాయంత్రం ముందుకొచ్చే పాదాలు చాలావరకు ఇంటి దగ్గరే శుభ్రంగా తోముకుని వచ్చినవి. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మురికి కాలు ఫాదరు గారి చేతిలో పెట్టడం ఎవరికైనా మొహమాటమే. అయితే క్రైస్తవుడి గర్వం ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవాలంటే మురికి పాదం దగ్గరికే వెళ్లాలి. చిత్తూరు వాళ్లకు అదేమంత దూరం కాదు.

వేలూరు రోడ్డు పట్టుకుని రాష్ట్ర సరిహద్దు దాటితే కాట్పాడి, ఆ దగ్గర్లోనే కరిగిరి. అక్కడ 1955 నుంచి కుష్ఠు వైద్యకేంద్రం నడుస్తోంది. ఇటు పలమనేరులో ఎమ్మాస్ స్విస్ ఆసుపత్రి కూడా కుష్ఠు రోగుల కోసం వెలిసిందే. కుష్ఠు క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. దాంతో పాదానికి చెమట పట్టదు, చర్మం ఎండి పగులుతుంది. ముల్లు దిగినా, రాయి కోసినా నొప్పి తెలియదు కాబట్టి మనిషి అదే కాలితో నడుస్తూనే ఉంటాడు. పుండు లోతుకు పోయి ఎముక దాకా వెళుతుంది. దీనికి చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. టబ్బులో నీళ్లు పోసి పాదాలను ఇరవై నిమిషాలు నానబెడతారు. గట్టిపడిన ఆనెలను గరుకు రాయితో మెల్లగా రుద్ది తీస్తారు. తడి ఆరకముందే నూనె పట్టిస్తారు. ఇదంతా చేయాలంటే రోగి పైన, చేసేవాళ్లు కింద కూర్చోవాలి. మర్నాడు మళ్లీ అదే పని.

గర్వం వదలడమంటే తల వంచడమని తిరుపతి ప్రాంతంలో వేరే చెప్పనక్కర్లేదు. తలనీలాలిచ్చే కల్యాణకట్టలో అధికారైనా కూలీ అయినా తల వంచే కూర్చుంటారు. క్రైస్తవులూ ఆరాధనలో మోకరిస్తారు. దేవుడి ముందు వంగడానికి మనసు తొందరగానే ఒప్పుకుంటుంది. సాటి మనిషి, అందులోనూ లోకం ఊరి బయటికి నెట్టేసిన మనిషి కాలి దగ్గర కూర్చోమన్నప్పుడే అది మొరాయిస్తుంది.

అలా కూర్చున్నంత మాత్రాన గర్వం పోతుందా? పోదు. సేవ చేసేవాడిలోనే అది మరింత మొండిగా బతుకుతుంది. దాన్ని ఎలా దాటాలో డాక్టర్ పాల్ బ్రాండ్ అనుభవంలో కనిపిస్తుంది. 1914లో కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టిన ఆయన 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి శస్త్రవైద్యుడిగా వచ్చాడు. కుష్ఠుతో కొంకర్లు పోయిన వేళ్లను, నరం చచ్చిన కండరానికి బదులు పనిచేసే కండరం స్నాయువును మార్చి కలిపి, మళ్లీ కదిలేలా చేశాడు. అప్పటిదాకా ఆ చేతుల జోలికి వెళ్లిన సర్జన్లు దాదాపు లేరు. మొదట్లో ఆపరేషన్ చేయించుకుని వెళ్లిన ఒక యువకుడు కొన్నాళ్లకు చిక్కిపోయి తిరిగొచ్చాడు. ఈ చేతులు అడుక్కోవడానికి పనికిరావడం లేదన్నాడు. వేళ్లు బాగుపడ్డాయి కాబట్టి జనం ధర్మం చేయడం తగ్గించారు, మచ్చలు పోలేదు కాబట్టి పనీ గదీ ఎవరూ ఇవ్వలేదు.

తన నైపుణ్యమే గొప్పదనుకునే డాక్టరైతే ఆ మాటను కృతఘ్నతగా తీసుకునేవాడు. బ్రాండ్ అందులో తన పనిలోని లోటును చూశాడు. కాలేజీ ఆవరణలోనే రోగులు ఉంటూ వడ్రంగం లాంటి చేతిపనులు నేర్చుకునే కేంద్రం పుట్టింది. పుండ్లు పడకుండా మెత్తటి రబ్బరు అట్టలతో చెప్పులు కుట్టించే పని మీద కూడా ఆయన ఏళ్ల తరబడి పట్టుదలగా కూర్చున్నాడు. చెప్పులు కుట్టేవాణ్ణి అంటరానివాడన్న దేశంలో ఒక సర్జన్ తన చదువును చెప్పు అట్ట దాకా దించాడు. ఆపరేషన్ కంటే ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

యేసు శిష్యుల పాదాలు కడిగిన ఆ రాత్రి, మేడగదిలో కాళ్లు కడిగించుకోనని మొరాయించింది పేతురు. గురువు తన పాదాలు ముట్టడమేమిటని ఆయన అడ్డం పడ్డాడు. చూడ్డానికి అది వినయంలాగే ఉంటుంది. అయినా యేసు ఒప్పుకోలేదు. పుచ్చుకోలేకపోవడం కూడా గర్వమే. ఇచ్చేవాడు ఎప్పటికీ తానే ఇచ్చేవాడిగా ఉండిపోవాలనుకోవడం దానికి రెండో ముఖం. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో వి.ఎస్. అజరయ్య ఈ ముఖాన్నే చూపించాడు. మిషనరీలు ధనమిచ్చారు, ప్రాణాలిచ్చారు, అయినా స్నేహితులుగా మాత్రం రాలేదని, ఇప్పుడు స్నేహితులనే ఇవ్వమని నిండు సభలో అడిగాడు. హాల్లో కొందరికి ఆ మాట రుచించలేదు. రెండేళ్లకు ఆయన దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి తమిళుడు తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో తిరిగి తన శేషజీవితం అక్కడే గడిపాడు.

ఇక్కడ ఒక మాట దాటెయ్యకూడదు. తగ్గించుకోండి అన్న బోధ అందరి చెవుల్లో ఒకేలా పడదు. భూస్వామి ఎదురొస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన తాతల మనవళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ల చేత తరతరాలుగా చేయించిన అణకువకు దీనత్వం అని పేరు పెట్టి ప్రసంగ వేదిక మీద నుంచి మళ్లీ అదే చెప్తే అన్యాయం. 1850లోనే మద్రాసు మిషనరీల సమావేశం, తమిళ దళితులైన పరయలు వండిన అన్నం తినేవాడే కులం వదిలినట్టని తీర్మానించింది. వంగమని అడిగింది పైనున్నవాణ్ణి. వండి వడ్డించిన మనిషి నిటారుగా నిలబడ్డాడు. పంక్తి భోజనాల్లో, పెళ్లి సంబంధాల్లో, శ్మశానంలో ఇప్పటికీ కులం చూసే సంఘం గర్వం మీద ఎన్ని ప్రసంగాలు పెట్టినా, ఆ తీర్మానానికి ఇంకా ఇవతలే ఉంది.

గర్వం వేదిక మీదా కనిపిస్తోంది. సువార్త సభల ఫ్లెక్సీల మీద ప్రసంగీకుల ఫొటోలు, బిరుదులు వాక్యం కంటే పెద్దవవుతున్నాయి. వింటున్నవాళ్లే ఆ సంగతి పాస్టరు గారికి ప్రేమగా చెప్పగలగాలి. ఆయన దాన్ని, బ్రాండ్ తన రోగి మాట విన్నట్టు, వినగలగాలి.

మళ్లీ ఆ పాదాల దగ్గరికి వస్తే, 1980ల నుంచి పలు మందులు కలిపిన చికిత్సతో కుష్ఠు క్రిమి చచ్చిపోతోంది. చచ్చిన నరం మాత్రం తిరిగి రాదు. అందుకే ఆసుపత్రుల్లో పాదాల పని రోగులకే నేర్పుతున్నారు. ఇంట్లోనే కాళ్లు నానబెట్టుకోవడం, నూనె రాసుకోవడం, రోజూ అరికాలు చూసుకోవడం. కొన్ని ఊళ్లలో పాత రోగులు గుంపుగా కూర్చుని, వేళ్లు ఉన్నవాళ్లు లేనివాళ్ల పాదాలు చూస్తారు. వాళ్లకు నేర్పిన నర్సు ఆ ఊరికి వెళ్లాల్సిన అవసరం నెలనెలా తగ్గుతూ వస్తుంది.