పితృఋణం ఎవరిది? పదిహేనేళ్ళ అబ్బాయి, ఇంటిల్లిపాది భయం



ఈ వారం వీడియోలో మూడు ఋణాల గురించి మాట్లాడుకున్నాం కదా. మనిషి పుట్టడమే మూడు అప్పులతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. (అసలు వాక్యం బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి ఉంది. తర్వాతి కాలంలో అందరికీ వర్తింపజేసి చెప్పుకుంటున్నాం.) ఋషుల అప్పు బ్రహ్మచర్యంతో తీరుతుంది, అంటే చదువుతో. దేవతలది యజ్ఞంతో. పితృదేవతలది సంతానంతో.

వీడియోలో టైం సరిపోక వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఆ మూడో అప్పు గురించి తల్లిదండ్రులు ఎప్పటి నుంచి కంగారు పడాలి? కొడుక్కి పెళ్ళయ్యాకా? పాతికేళ్ళు దాటాకా? వాడు పదో తరగతిలో ఉన్నప్పుడా? నవ్వకండి, మా ఇంట్లో ఇది నిజంగా వచ్చింది.

మా పిన్ని కొడుక్కి పదిహేనేళ్ళు. పోయిన ఎండాకాలం గవదబిళ్ళలు వచ్చాయి. రెండు చెంపలూ ఉబ్బాయి, జ్వరం వచ్చి తగ్గింది. వారం తిరక్కుండా మళ్ళీ జ్వరం. ఈసారి ఒకవైపు వృషణం వాచింది. వాడు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నడక తేడాగా ఉందేంట్రా అని బాబాయ్ నిలదీస్తే అప్పుడు బయటపెట్టాడు. డాక్టర్ చూసి గవదబిళ్ళల వైరస్ అక్కడికి కూడా వెళ్ళిందన్నారు. మందులు, విశ్రాంతి, ఐసు. పది రోజుల్లో వాపు పోయింది. వాడు మళ్ళీ క్రికెట్‌కి వెళ్ళిపోయాడు.

ఇంట్లో అసలు జబ్బు అప్పుడు మొదలైంది. నాయనమ్మగారు "ఒక్కగానొక్క నలుసు, వాడికి రేపు పిల్లలు పుడతారో లేదో" అని దేవుడి గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకోవడం. పిన్ని రాత్రిళ్ళు ఫోన్‌లో వెతకడం. ఎవరో బంధువు "ఒకసారి వీర్య పరీక్ష చేయించేయండి, పీడా పోతుంది" అన్నారు. పిన్ని నాకు ఫోన్ చేసి, "నాన్నా, నువ్వు ఇంజనీరువి, ఆ శాస్త్రాలూ చదువుతావు. చేయించమంటావా?" అని అడిగింది.

ఇది రాసే ముందు వాడికి చదివి వినిపించాను. ఒక వాక్యం తీసేయమన్నాడు, తీసేశాను. మిగతాదంతా వాడు సరే అన్నదే.

ముందు శరీరం సంగతి చూద్దాం, ఎందుకంటే సగం భయం అక్కడే పోతుంది. యుక్తవయసు వచ్చాక, టీకా లేకుండా గవదబిళ్ళలు వచ్చిన మగపిల్లల్లో పదిమందికి ముగ్గురి దాకా వృషణం వాచే అవకాశం ఉంది. ఎక్కువమందికి ఒకవైపే వాస్తుంది. వాచినది తర్వాత కొంచెం చిన్నబడొచ్చు. కానీ అసలు పిల్లలే పుట్టకపోవడం అరుదు. రెండోది బాగుంటే సాధారణంగా అదొక్కటే సరిపోతుంది, హార్మోన్లకైనా, సంతానానికైనా.

ఇక ఆ పరీక్ష. నేను టెస్టింగ్ టీమ్‌తో రోజూ తలపట్టుకునేవాణ్ణి కాబట్టి నాకు మొదట తోచిన ప్రశ్న: దేంతో పోల్చి పాస్, ఫెయిల్ అంటున్నారు? వీర్య పరీక్ష రిపోర్టులో పక్కన "నార్మల్" అని ఉండే అంకెలు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్ నుంచి వచ్చినవి. అవి ఏడాదిలోపు భార్య గర్భవతి అయిన మగవాళ్ళ నమూనాలు తీసుకుని లెక్కగట్టినవి. అంటే తండ్రులైన పెద్దవాళ్ళవి. పదిహేనేళ్ళ వాడి శరీరం ఇంకా తయారవుతూ ఉంది. ఆ వయసుకి అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. పైగా శుక్రకణం తయారవ్వడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. గట్టి జ్వరం వస్తే ఆ కొన్ని నెలలు సంఖ్య ఎలాగూ పడిపోతుంది. జ్వరం తగ్గిన వెంటనే పరీక్ష చేయించి, తక్కువ వచ్చిందని ఏడ్చే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించండి. ఆ కాగితం మీద అంకె వాడి గురించి ఏమీ చెప్పదు, కానీ వాడు జన్మంతా మర్చిపోడు.

ఒకవేళ పరీక్ష పూర్తిగా నమ్మదగినదే అనుకుందాం. అప్పుడైనా చేయించొచ్చా? అసలు ప్రశ్న ఇదే. నమూనా ఎలా ఇస్తారో మీకందరికీ తెలుసు. ఇంట్లో ఆ మాటే ఎత్తని అమ్మానాన్నా, పదిహేనేళ్ళ వాడి చేతిలో ఒక డబ్బా పెట్టి ఒక గదిలోకి పంపించి బయట కుర్చీలో కూర్చోవాలి. ఎవరి కోసం? ఆ రిపోర్టుతో ఇవాళ చేసే వైద్యం ఏమీ లేదు. వాడికి నొప్పి లేదు, వాడు అడగలేదు. తెలుసుకోవాలన్న ఆరాటం పెద్దవాళ్ళది, సిగ్గుతో చచ్చేది పిల్లాడు.

అప్పు పుట్టినవాడిది అని శాస్త్రం అన్నప్పుడు, అది వాడికీ పితృదేవతలకీ మధ్య లెక్క. మధ్యలో మనం లోన్ యాప్ రికవరీ ఏజెంట్లలాగా గడువు రాకముందే ఫోన్లు చేయక్కర్లేదు. గడువు అని ఊరికే అనలేదు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు శిష్యుడికి సంతానతంతువు తెగనివ్వకు అని చెప్పే చోటు గుర్తుందా? మాతృదేవో భవ ఉన్నది కూడా ఆ అనువాకంలోనే. ఆ మాట ఎప్పుడు చెప్పాడు? వేదాధ్యయనం పూర్తయ్యాక, ఇంటికి వెళ్ళబోయే శిష్యుడికి. మన భాషలో కాన్వొకేషన్ రోజున. చదువు మధ్యలో ఉన్న కుర్రాణ్ణి కూర్చోబెట్టి నీ వంశం సంగతేంటి అని అడగలేదు. సమయం వచ్చినప్పుడు దాచకుండా సూటిగా చెప్పాడు, ఎవరూ సిగ్గుపడలేదు. మన ఇళ్ళల్లో రెండూ తిరగబడ్డాయి. చెప్పాల్సినప్పుడు నోరు విప్పం, అడగకూడనప్పుడు ల్యాబ్‌కి తీసుకెళ్తాం.

యయాతి కథ కూడా ఇక్కడ నాకు గుర్తొస్తుంది. శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం వస్తే, కొడుకుల్ని యవ్వనం ఇమ్మని అడిగాడు. నలుగురు కాదన్నారు, పూరుడు ఇచ్చాడు. మనం పూరుణ్ణి పొగడటం దగ్గర ఆగిపోతాం. నాకు మాత్రం యయాతి అంటే మొదటి నుంచీ చిరాకు. కొడుకు యవ్వనం తన అవసరం తీర్చడానికి ఉందనుకున్నాడు, ఇవ్వనన్న వాళ్ళని శపించాడు. చివరికి తృప్తి అనేది అలా రాదని తెలిసి, తిరిగి ఇచ్చేశాడు. మనవడి ముఖం చూడాలన్న కోరిక తప్పేం కాదు. అది కొడుకు ఒంటిని తడిమి చూసే హక్కు మాత్రం ఇవ్వదు.

"అయితే వంశం పోయినా పర్లేదా?" అని నాయనమ్మగారు సూటిగానే అడిగారు. ఆవిడ్ని తీసిపారేయలేను. ఆవిడ బతికిన లోకంలో పిల్లలు లేని మనిషికి శుభకార్యాల్లో పీట ఎక్కడ వేసేవారో ఆవిడకి తెలుసు. ఆ భయం వంశం కోసం కన్నా మనవడి కోసమే ఎక్కువని నా అనుమానం. ఆవిడతో భీష్మాష్టమి గురించి మాట్లాడాను. మాఘ శుద్ధ అష్టమి నాడు భీష్ముడికి తర్పణాలు వదులుతారు. ఆయనకి కొడుకులు లేరు. తండ్రి పెళ్ళి కోసం తన సంతానాన్నే వదులుకున్నాడు. మరి ఆయనకి నీళ్ళు ఎవరివ్వాలి? ఏ చుట్టరికమూ లేని వాళ్ళు ఇన్ని తరాలుగా ఇస్తున్నారు. పిల్లలు లేని మనిషి తెగిపోయిన దారం అని మన సంప్రదాయం అనుకుని ఉంటే ఆ తిథే ఉండేది కాదు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "భీష్ముడు తనంతట తాను వద్దనుకున్నాడు నాయనా, వీడికి అలా కాదుగా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే, కావాలనుకుని పొందలేకపోవడం వేరే బాధ. కానీ ఆ బాధ వస్తే వచ్చేది వాడికి. దాని గురించి ఎప్పుడు తెలుసుకోవాలో కూడా వాడే చెప్పాలి. డాక్టర్ అన్నది కూడా దాదాపు ఇదే: ఆరు నెలలకోసారి పరిమాణం చూద్దాం, పరీక్ష పద్దెనిమిది దాటాక వాడు కావాలంటే చేద్దాం.

పెద్దవాళ్ళు అసలు పట్టించుకోకూడదని కాదు. పట్టించుకోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మగశిశువుకి ఆరు నెలలు వచ్చినా వృషణం సంచిలోకి దిగకపోతే సర్జన్‌కి చూపించాలి, ఏడాదిన్నర లోపే ఆపరేషన్ అయిపోవాలి. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇచ్చేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లాకి. గవదబిళ్ళలు అందులో లేవు. దానికి ఎంఎంఆర్ విడిగా వేయించాలి, చిన్నప్పుడు తప్పిపోతే టీనేజ్‌లో అయినా వేయొచ్చు. క్యాన్సర్ వచ్చిన అబ్బాయికి కీమో మొదలుపెట్టే ముందు వీర్యం దాచిపెట్టే ఏర్పాటు ఉంటుంది. అక్కడ తల్లిదండ్రులు తొందరపడి అడగాల్సిందే, ఎందుకంటే తర్వాత అడిగితే లాభం లేదు. అక్కడ కూడా వాడిని అడిగాకే. వీటన్నిట్లో ఇవాళ చేయగలిగిన పని ఒకటుంది, దాని ఫలితం పిల్లాడిది.

ఇప్పుడు ఆ రెండు రోజుల మౌనం సంగతి. ఎందుకు చెప్పలేదురా అని నేను తర్వాత ఒంటరిగా అడిగాను. "అది నా తప్పు వల్లే వచ్చిందనుకున్నా అన్నయ్యా" అన్నాడు. బ్రహ్మచర్యం పేరుతో తిరిగే రీల్స్ చూశాడు. ఒక్క చుక్క వీర్యానికి ఇన్ని చుక్కల రక్తం, పోగొట్టుకున్నవాడికి జబ్బులు, నరాల బలహీనత. రైలు కిటికీలోంచి గోడల మీద మనం చదువుకున్న ప్రకటనలే, ఇప్పుడు వెనక తంబురా మ్యూజిక్ పెట్టి వస్తున్నాయి. ఈ భయంతో ఆస్పత్రికి వచ్చేవాళ్ళు మన దేశంలో ఎంతమందంటే, 1960లోనే డాక్టర్ ఎన్.ఎన్. విగ్ దానికి ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. తెలుగులో దీని మీద దశాబ్దాలుగా ఓపిగ్గా జవాబులు రాసింది విజయవాడ డాక్టర్ సమరం గారు. ఆయన నాస్తికుడు గోరా గారి అబ్బాయి. ఆ పని భక్తులమైన మనం చేసి ఉండాల్సింది అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

బ్రహ్మచర్యం మీద నాకు గౌరవం ఉంది. మనసుని ఒకచోట నిలబెట్టే సాధన అది. కానీ దాన్ని జబ్బుల జాబితాతో అమ్మితే, వాచిన పిల్లాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళడు, పాపం అనుకుని పడుకుంటాడు. శుక్రం శరీరంలో చివరి ధాతువని, విలువైనదని ఆయుర్వేదం చెప్పిన మాట నిజమే. ఆ ఆయుర్వేదంలోనే సుశ్రుతుడు వృషణాల వాపుల్ని వృద్ధి అనే పేరుతో ఏడు రకాలుగా విడదీసి, వాటిలో నీరు చేరిన దాన్ని పరికరంతో గుచ్చి ఎలా తీయాలో కూడా రాశాడు. చూశాడు, తాకాడు, వైద్యం చెప్పాడు. సిగ్గుపడలేదు.

ఇంకో సంగతి, జిమ్‌కి వెళ్ళే తమ్ముళ్ళకి. కండల కోసం ఎవరైనా టెస్టోస్టిరాన్ లేదా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే వద్దనండి. బయటి నుంచి హార్మోన్ వస్తే శరీరం తన పని ఆపేస్తుంది, శుక్రకణాల తయారీ పడిపోతుంది. మగతనం పేరు చెప్పి అమ్మేది దాన్నే దెబ్బ తీస్తుంది.

ఇది చదివేవాళ్ళలో తల్లిదండ్రులు తక్కువ. ఎక్కువమంది అన్నయ్యలు, బావలు, పక్క ఫ్లాట్‌లో ఉండే భయ్యాలు. పదిహేనేళ్ళ వాడు అమ్మకి చెప్పలేనిది మీకు చెప్పొచ్చు. కాబట్టి ఒక్కటి వాడికి ముందే చెప్పి ఉంచండి. ఉన్నట్టుండి ఒకవైపు వృషణంలో విపరీతమైన నొప్పి, వాంతులు, అది పైకి లాగినట్టు ఉండటం, ఒక్కోసారి పొత్తికడుపులో మాత్రమే నొప్పి. ఇది మెలి తిరగడం కావొచ్చు, డాక్టర్లు టార్షన్ అంటారు. 12 నుంచి 18 ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుంది, నిద్రలో కూడా వస్తుంది. రక్తం ఆగిపోతుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే చాలావరకు దక్కుతుంది. ఒక రోజు దాటితే ఎక్కువసార్లు తీసేయాల్సిందే. "తెల్లారాక చూద్దాం" అనే మాట పనికిరాదు. రాత్రి రెండైనా లేపమనండి, బండి తీయండి, సర్జన్ ఉన్న ఎమర్జెన్సీకి వెళ్ళండి. కౌంటర్ దగ్గర అందరూ వింటున్నారని "కడుపు నొప్పి" అని మాత్రం చెప్పకండి. ఎక్కడ నొప్పో అక్కడని, ఎన్నింటికి మొదలైందో ఆ టైంతో సహా చెప్పండి.