సాక్షులు ఊరు దాటకముందే

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఒక చావు ఇల్లు ఉంది. యొప్పే పట్టణంలో తబితా అనే శిష్యురాలు జబ్బు చేసి చనిపోతుంది. ఆమెకే దొర్కా అని ఇంకో పేరు. శవానికి స్నానం చేయించి మేడగదిలో పడుకోబెడతారు. దగ్గర్లోనే లుద్దలో ఉన్న పేతురుకు కబురు పంపుతారు. ఆయన వచ్చి మేడ ఎక్కేసరికి విధవరాళ్లందరూ ఏడుస్తూ చుట్టూ చేరి, దొర్కా తమతో ఉన్న రోజుల్లో కుట్టిన అంగీలూ వస్త్రాలూ తెచ్చి ఆయనకు చూపిస్తారు. తర్వాత జరిగిన అద్భుతం మీద ప్రసంగాలు చాలా విన్నాను. నా మనసు మాత్రం ప్రతిసారీ ఆ బట్టల దగ్గరే ఆగిపోతుంది. ఆ గదిలో ఆమెను పొగిడినవాళ్లు ఒక్కరూ కనబడరు. ఆమె కుట్టినదేదో చేత్తో పట్టుకుని చూపించారు, అంతే. ఒక భక్తురాలు పోయాక ఆమెను గౌరవించడానికి ఇంతకన్నా సరైన పద్ధతి నాకు ఏ గ్రంథంలోనూ కనబడలేదు.

భివండిలో బతికేవాళ్లకు ఈ ఘట్టం ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. ఇది బట్ట ఊరు. లక్షల మరమగ్గాలు పగలూ రాత్రీ ఆడే ఊరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాలుగా వచ్చి చేరిన మనవాళ్లతో పద్మనగర్, కామత్‌ఘర్ నిండిపోయాయి. ఇక్కడ తెలుగు క్రైస్తవులు కొద్దిమందే. సాంచాల (మరమగ్గాల) మోత మధ్య, అద్దె గదుల్లో, చిన్న చిన్న హాళ్లలో ఆరాధన జరుగుతుంది. కార్ఖానాలకు ఆదివారం సెలవని లేదు. చాలాచోట్ల శుక్రవారం ఆపుతారు. మీటరు లెక్కన, కిలో లెక్కన కూలి దొరికే పనిలో ఆదివారం ఉదయం చర్చికి రావడమంటే ఆ పూట సంపాదన పోగొట్టుకోవడమే. మన ఊళ్లలో గంట కొడితే చర్చిలో కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకు ఈ ఖరీదు తెలియదు.

ఆ ఖరీదు ఏళ్ల తరబడి కట్టిన ఒక తల్లి ఈమధ్య ప్రభువునందు నిద్రించింది. ఆమె పేరు మా సంఘం పుస్తకంలో ఉంది. ఇంటివాళ్ల కోరిక మీద ఇక్కడ రాయడం లేదు. అందరికీ పెద్దమ్మ. కండెలు చుట్టే పని చేసేది. నూలు కోసి కోసి చూపుడువేలి మీద గీత పడింది. ప్రార్థనలో చేతులు జోడించినప్పుడు ఆ గీత కనిపించేది.

ఆదరణ కూడిక అన్ని చోట్లా జరిగేలాగే జరిగింది. ఫ్లెక్సీ మీద ఫొటో, 'మహిమ ప్రవేశం' అన్న మాట, పుట్టిన తేదీ, పోయిన తేదీ. మాట్లాడినవాళ్లంతా 'ప్రార్థనాపరురాలు', 'విశ్వాస వీరురాలు' అన్నారు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాటలు ఎవరి ఫొటో ముందైనా సరిపోతాయి. తర్వాత సామెతలు 31వ అధ్యాయం చదివారు. స్త్రీ ఎవరు పోయినా అదే చదవడం మనకు రివాజు. ఆ అధ్యాయంలోని ఇల్లాలు గొప్పదే. నూలు వడుకుతుంది, బట్ట నేయించి అమ్ముతుంది, బీదలకు చేయి చాపుతుంది. అయితే ఆమెకు పొలం కొనే స్తోమత ఉంది, ఇంట్లో పనికత్తెలున్నారు, పెద్దల సభలో కూర్చునే భర్త ఉన్నాడు. మా పెద్దమ్మకు ఇవేవీ లేవు. చిన్న వయసులోనే భర్త పోయాడు. కొనడానికి పొలం లేదు. ఆమె పనికత్తె ఆమే. కండెల గదిలో నిలబడి బతుకు వెళ్లదీసినవాళ్ల కోసం సామెతలు కాక దొర్కా మేడగది చదవాలని నా అభిప్రాయం.

ఆ రోజు ఆ మేడగది దానంతట అదే మా హాల్లోకి వచ్చింది. ప్రసంగాలు అయ్యాక వెనక వరసలో కూర్చున్న పొరుగింటావిడ లేచి, తనను మాట్లాడనిస్తారా అని పాస్టరుగారిని అడిగింది. ఆయన మైకు ఇచ్చారు.

"నేను గుడికి పోయేదాన్ని. మీ చర్చిల అడుగువెట్టుడు ఇదే మొదలు. మా పెద్దపోరడు కడుపుల ఉన్నప్పుడు దవాఖానల మరాఠీల అడుగుతుంటే నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. పెద్దమ్మ కండెలు ఇడిసిపెట్టి నా ఎంట వచ్చింది. డాక్టరమ్మ అడిగింది నాకు తెలుగుల చెప్పింది, నేను చెప్పింది ఆమెకు మరాఠీల చెప్పింది. నలుగుట్ల చెప్పనీకి సిగ్గయ్యే ముచ్చటుంటే నా చెవుకాడ నోరువెట్టి అడిగింది. ఆనాడు ఆమె కూలి పోయింది. ఎంత పోయిందే పెద్దమ్మా అంటే చెప్పలే."

ఇంతే చెప్పి మైకు ఇచ్చేసి కూర్చుంది. హాలంతా ఒక్కసారి మారిపోయింది. ఒకరి తర్వాత ఒకరు లేచారు. రేషన్ కార్డు కోసం తన వెంట ఆఫీసుకు వచ్చిందని ఒకరు, రాత్రి పాళీ దిగి వచ్చిన కుర్రాడికి జ్వరం వస్తే గంజి కాచి పోసిందని ఒకరు, పదో తరగతి తప్పిన పిల్లను తల్లి కొడుతుంటే అడ్డం నిలబడిందని ఒకరు. సగంమంది మా సంఘంవాళ్లు కారు. ఆమె ఎంత ప్రార్థనాపరురాలో ఆ సాక్ష్యాలు విన్నాకే నాకు అర్థమైంది. ఆమె ప్రార్థనలో పేర్లు చాలా ఉండేవి. ఆ పేర్ల వెనక దవాఖానా వరసలూ, ఆఫీసు గుమ్మాలూ ఉన్నాయన్నమాట.

అప్పుడే ఇంకో విషయం తట్టింది. దొర్కా కుట్టిన అంగీ ఆమె పోయాక కూడా మిగిలింది, చేత్తో పట్టుకుని చూపించగలిగారు. పెద్దమ్మ ఇచ్చినదానికి ఆకారం లేదు. ఒక మనిషి పక్కన నిలబడి ఆ మనిషి భాషకు గొంతు ఇవ్వడం, ఒక పూట కూలి వదులుకోవడం, చెవిలో చెప్పిన రహస్యాన్ని చెవిలోనే ఉంచడం. వీటిని తెచ్చి చూపించలేం. పొందినవాళ్లు నోరు విప్పితేనే అవి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. భక్తిగల స్త్రీలు చేసే పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే.

ఈ సాక్ష్యాలు రాసి పెట్టుకుందామంటే, 'దేవుని గ్రంథంలో రాసి ఉంటుంది కదా, మనం రాయడం ఎందుకు?' అని మా సంఘపెద్ద ఒకాయన అడిగారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాటనూ గుర్తుచేశారు. ఆ ప్రశ్న భక్తితో అడిగినదే, తేలిగ్గా తోసిపుచ్చలేను. కానీ ఆ నియమం ఇచ్చే చేతికి పెట్టింది, పుచ్చుకున్న చేతికి కాదు. ఇచ్చినవాళ్లు దాచుకోవాలి, పుచ్చుకున్నవాళ్లు చెప్పాలి. బేతనియలో తన తల మీద అత్తరు పోసిన స్త్రీ గురించి యేసే అన్నాడు, సువార్త ఎక్కడ ప్రకటించినా ఆమె చేసిన పని చెప్పుకుంటారని. ఆ సంగతి రాసిన మార్కు ఆమె పేరు రాయలేదు. రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు ఫీబేను, ప్రిస్కిల్లను, మరియను, పెర్సిసును పేరుపేరునా తలుచుకున్నాడు. అదే అధ్యాయంలో తనకూ తల్లివంటిదని చెప్పిన స్త్రీని మాత్రం రూఫు తల్లి అనే వదిలేశాడు. ఆ లోటు నన్ను బాధిస్తుంది.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ ఇదే లోటు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించి ప్రార్థించారు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్లతో ముగ్గురు తెలుగువాళ్లు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు: జూలియా, రూతు. తర్వాత 1878 జులై 3న మిషనరీ క్లౌ దొర కాలంలో గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని అందరూ చెబుతారు. జూయెట్ గురించీ క్లౌ గురించీ పుస్తకాలున్నాయి. కొండ ఎక్కిన ఆ ఇద్దరు తెలుగు స్త్రీల గురించి నేను చదివిన చోటల్లా పేరుకు మించి దొరికింది చాలా తక్కువ. తర్వాత వాళ్ల బాటలోనే ఎందరో బైబిలు స్త్రీలు పల్లెపల్లెకూ నడిచారు, వాళ్లలో చాలామందికి ఆ పేరు కూడా మిగల్లేదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వృద్ధ మాదిగ విశ్వాసుల నోట విన్న కథలను 1899లో పుస్తకంగా వేసింది కాబట్టి ఆ కథల్లోని పేరయ్య అనే విశ్వాసి భార్య నాగమ్మ లాంటివాళ్లు కొంతైనా మనకు దక్కారు. ఎవరో ఒకరు కూర్చుని అడిగారు, రాశారు. దానివల్లే దక్కారు.

మేమున్న మహారాష్ట్రలోనే పుణె జిల్లా కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. ఆమె జ్ఞాపకం నిలిచింది, 1989లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. ఆమె చదువుకున్నది, తన కథ తానే రాసుకోగలిగింది. కండెల గదిలో పనిచేసే తల్లి రాసుకోలేదు. ఆమె తరఫున ఇంకొకరు రాయాలి.

భివండి లాంటి ఊళ్లలో ఈ పనికి గడువు తక్కువ. పల్లెలో ఒక ముసలమ్మ పోతే, ఆమె మంత్రసానితనం చేసి బయటికి తీసిన పిల్లలు ఆ వీధిలోనే పెరుగుతారు, తలుచుకుంటారు. ఇక్కడ సాక్షులు చెదిరిపోతారు. పని తగ్గితే సూరత్ పోతారు, షోలాపూర్ పోతారు, వయసు మీద పడితే సిరిసిల్లకో సిద్దిపేటకో తిరుగుముఖం పడతారు. గది ఖాళీ చేసిన మర్నాడు అక్కడ ఇంకో కుటుంబం దిగుతుంది, వాళ్లకు పెద్దమ్మ ఎవరో తెలియదు. ఆ రోజు మైకు పట్టుకున్న పొరుగింటావిడ కూడా కొడుకు దగ్గరికి వెళ్లిపోతానంటోంది.

అందుకే కూడిక అయ్యాక మా సంఘంలో ఒక నోటుపుస్తకం పెట్టాం. పెద్దమ్మ గురించి ఎవరు చెప్పినా, వాళ్ల మాటల్లోనే, వాళ్ల యాసలోనే రాస్తున్నాం. విశేషణాలు వద్దనుకున్నాం. ఏం చేసింది, ఎవరికి చేసింది, ఆ రోజు ఆమె ఏం వదులుకుంది. ఈ మూడే.

మీ సంఘంలోనూ ఇలాంటి తల్లి ఉండే ఉంటుంది. ఆమె పోయేదాకా ఆగకండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పక్కన కూర్చుని పుట్టిన ఊరు, తల్లి పేరు, ఈ ఊరికి వచ్చిన ఏడాది అడిగి రాసుకోండి. తన గురించి చెప్పమంటే చెప్పదు. ఆమె వల్ల మేలు పొందినవాళ్లను అడగండి, వాళ్లు చెబుతారు.